వేలిముద్ర యంత్రం గారికి విన్నపం

ఆసుపత్రి నమోదు బల్ల మీద, నల్లతీగ చివర కొలువైన వేలిముద్ర యంత్రం గారికి,

మా అమ్మ మీకు తెలుసు అని రాయబోయి ఆగాను. మీరు ఆవిడను ఎరగనంటున్నారనే కదా ఈ ఉత్తరం.

పలాస దగ్గర ఉద్దానం పల్లె మాది. అమ్మ ముప్పయ్యేళ్ళు జీడి పిక్కలు కొట్టింది. పిక్క పగిలినప్పుడు చిమ్మే రసం చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా వేళ్ళు నల్లబడక మానవు. గీతలు ఎక్కడికి పోయాయని మీరు అడిగితే, ఊరూరా పెళ్ళి పాయసాల్లో వెతకమంటాను. నేను కంప్యూటర్ ముందు కూర్చుని బతుకుతాను. రేషను డిపోలో మీ తమ్ముడు నా బొటనవేలు చూడగానే పచ్చదీపం వెలిగిస్తాడు.

ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కింద అమ్మ వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వస్తుంది. తెల్లవారకముందే బయలుదేరి మీ ముందు నిలబడుతుంది. బొటనవేలు పెడితే ఎర్రదీపం. చూపుడువేలు, ఎర్రదీపం. "మామ్మా, తలకు రుద్దుకుని పెట్టండి" అంటాడు ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర. వెనకనున్నాయన నిమ్మచెక్క మంచిదంటాడు. ఒకావిడ తన చీర కొంగుతో అమ్మ వేళ్ళు తుడుస్తుంది. ఇంత సేవ మా ఇంటి దేవుడికి కూడా జరగదు. కనుపాప చూసే యంత్రం ఉందట, పక్క భవనంలో. దాని తాళంచెవి సెలవులో ఉన్న మనిషి దగ్గర ఉందట.

ఉద్దానంలో మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ళ పరిశోధనల తరువాత కూడా ఖాయంగా తేలలేదు. నీళ్ళు పరీక్షించారు, మట్టి పరీక్షించారు. ఆ అనుమానమే తీరలేదు, మీకు ఇంకొకటి పుట్టింది: వచ్చింది అసలు ఈవిడేనా అని. అయ్యా, చేతిలో రెండు లావుపాటి సూదులు గుచ్చించుకుని, నాలుగు గంటలు కదలకుండా పడుకునే భాగ్యాన్ని దొంగిలించడానికి మారువేషంలో ఎవరు వస్తారు? లోపల రక్తం శుద్ధి చేసే యంత్రమూ మీ జాతిదే. అది పేరు కూడా అడగదు.

పేరంటే గుర్తొచ్చింది. ఈ పథకం 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మా శ్రీకాకుళం ఒకటి. అప్పుడు రాజీవ్ ఆరోగ్యశ్రీ. తరువాత ఎన్టీఆర్ వైద్య సేవ, ఆ తరువాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024 నుంచి మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ. పథకం ఎన్నిసార్లు పేరు మార్చుకున్నా నువ్వు నువ్వేనా అని ఎవరూ దాని వేలు పట్టుకోలేదు. పుట్టినప్పటి నుంచీ ఒకే పేరుతో ఉన్న మా అమ్మను మాత్రం వారానికి రెండుసార్లు అడుగుతున్నారు.

కృతఘ్నుడినని అనుకోకండి. ఈ వైద్యం ఉచితం కాకపోతే మా కొబ్బరి తోట ఎప్పుడో ఇంకొకరి పేరు మీదికి వెళ్ళేది, అమ్మ అంతకంటే ముందే వెళ్ళేది. ఆ మాట అమ్మే అంటుంది, మీ ముందు నిలబడి, వేలు తలకు రుద్దుకుంటూ.

మొన్న శుక్రవారం ఎడమచేతి చిటికెనవేలుకు మీరు పచ్చదీపం వెలిగించారు. వరుసంతా చప్పట్లు కొట్టింది. అప్పటినుంచి అమ్మ ఆ వేలికి గుడ్డ చుట్టి దాచుకుంటోంది. అంట్లు తోమనివ్వడం లేదు నేను.

మంగళవారం వస్తాము. నిమ్మచెక్క మేమే తెచ్చుకుంటాము.

ఇట్లు,
మీ దృష్టిలో ఇంకా రుజువు కాని మనిషి కొడుకు