పాత గులాబీని పొక్లెయిన్‌కి వదిలేయకండి

మన విశాఖలో సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు... ఎటు చూసినా పాత ఇళ్ళు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తున్నారు. ఇవ్వండి, కాదనను. టేకు తలుపులు ఊడదీసి అమ్ముకుంటాం, బోరు మోటారు కూడా వదలం. పెరట్లో ఏళ్ళ తరబడి పూసిన గులాబీని మాత్రం పొక్లెయిన్‌కి వదిలేస్తాం! అడిగితే అందరిదీ ఒకటే మాట: "ముదురు చెట్టండీ, తీసి పెడితే బతకదు. కడియం నర్సరీ మొక్క కొత్తది కొనుక్కుందాం."

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మహావృక్షాలే కూలిపోయాయి, మిగిలినవాటి ఆకులు మాడిపోయాయి. ఆ తర్వాత మొదలు దగ్గర మళ్ళీ చిగురేసిన గులాబీలు మన వీధుల్లోనే ఉన్నాయి. అలాంటి మొక్క గునపం తగిలితే చచ్చిపోతుందా?

ఏప్రిల్లో, ఇల్లు ఖాళీ చేసే రోజు, మిట్టమధ్యాహ్నం పూలతో సహా పీకితే చస్తుంది. సగం వేళ్ళు తెగాక అంత ఆకుకి నీరెక్కడిది? మనకి డిసెంబరు, జనవరే అదను. వీలైతే నెల ముందే కుదురుకి అడుగు దూరంలో చుట్టూ పార నిలువుగా దించి వదిలేయండి, లోపలివైపు పిల్లవేళ్ళు పుడతాయి. మన ఎర్రమట్టి ఎండితే రాలిపోతుంది కాబట్టి ముందురోజు బాగా తడపాలి. కొమ్మలు మూడోవంతు మిగిలేలా కత్తిరించాలి. ఇక్కడే చాలామందికి మనసొప్పదు, మొగ్గలున్నాయి కదా అంటారు. ఉన్నా కొట్టేయండి. కొత్త గొయ్యి తవ్వి ఉంచుకుని, సాయంత్రం పూట మట్టిగడ్డతో సహా లేపి గోనెసంచిలో చుట్టి తీసుకెళ్ళండి. పాత లోతులోనే పెట్టండి. అంటుమొక్కయితే అంటు ముడి మట్టిపైనే ఉండాలి.

గోతిలో చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి చాలు. చిగుళ్ళు నిలదొక్కుకునేదాకా యూరియా, డీఏపీ జోలికి పోవద్దు. ఆకులన్నీ రాలాయని పీకి పారేయకండి, దయచేసి! గోటితో బెరడు గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే.

ఫ్లాటుకి వెళ్తున్నారా? సగం కోసిన డ్రమ్ముకి అడుగున చిల్లులు పెట్టి, ఆరు గంటలు ఎండ తగిలే చోట ఉంచండి. నాటు గులాబీ అయితే కత్తిరించిన కొమ్మల్లో పెన్సిల్ లావువి ఏరి పక్కింటి పిన్నిగారికి కూడా ఇవ్వండి, నాటుకుంటారు.

కారు పార్కింగు గురించి బిల్డరుతో నెలల తరబడి బేరమాడతాం కదా. సంతకం పెట్టేముందే, సంక్రాంతి దాకా పెరటివైపు ముట్టుకోవద్దని అగ్రిమెంటులో ఒక్క ముక్క రాయించుకోండి.