పరగడుపు గ్యాస్ మాత్ర గారికి బహిరంగ విన్నపం

విశాఖపట్నం

మహారాజశ్రీ పరగడుపు గ్యాస్ మాత్ర గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, ఆ ఉభయుల్లో తమరి కుశలానికి ఏ లోటూ లేదని జగదాంబ కూడలి నుంచి గాజువాక దాకా ఏ మందుల దుకాణం ముందు నిలబడినా తెలిసిపోతుంది. దగ్గుమందు కావాలంటే కుర్రాడు స్టూలెక్కి వెతకాలి, తమరు కావాలంటే చెయ్యి చాస్తే చాలు. మా కడుపుల కుశలం సంగతి మాత్రం కొంచెం విపులంగా మనవి చేసుకోవలసి ఉంది.

రాజధాని ఎక్కడుండాలన్న దగ్గర మొదలుపెట్టి పులుసులో బెల్లం వేయాలా వద్దా అన్నంతవరకు దేని మీదా ఏకాభిప్రాయం కుదరని ఈ రోజుల్లో, తమరి విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. కడుపు ఉబ్బినా తమరే, త్రేన్పులు వచ్చినా తమరే, విరేచనాలైనా తమరే, అవి కాకపోయినా తమరే, పెళ్లిభోజనానికి బయల్దేరే ముందు ముందుజాగ్రత్తగానూ తమరే. తమరి అట్ట మీద నిలువునా ఉండే ఎర్ర గీతకు వైద్యుడి చీటీ లేనిదే అమ్మరాదని అర్థం. ఆ గీతకు అడ్డంగా కత్తెర పెట్టి, అడిగిన వాళ్లకు అడిగినన్ని మాత్రలు కత్తిరించి, కాగితపు కవరులో వేసి, పైన "పరగడుపున" అని రాసి ఇవ్వడంలో మా వీధి దుకాణం కుర్రాడికి ఉన్న చేతివాటం చూసి తీరవలసిందే. ఎన్నాళ్లు వాడాలో రాయడానికి ఆ కవరు మీద బోలెడంత చోటు ఉంటుంది, కానీ అక్కడ ఎవరూ ఏమీ రాయరు.

తమరి ఘనతను తక్కువ చేయాలని నాకు లేదు. జీర్ణాశయంలో ఆమ్లం ఊరడాన్ని తగ్గించే తమరి వంశానికి మూలపురుషుడైన ఒమిప్రజోల్ 1988లో స్వీడన్‌లో అంగడికి వచ్చే ముందు, పేగుపూత ముదిరిన వాళ్లు పొట్ట కోయించుకుని, జీర్ణాశయంలో కొంత తీయించుకుని, మిగిలినదాన్ని పేగుకు కుట్టించుకుని బతికేవారు. ఆ కుట్టులో పేగు వంపు ఒకటి ఆహారం నడవని సందుగా మిగిలిపోయి, అందులో బాక్టీరియా మేట వేసి, రోగికి ఏళ్ల తరబడి ఉబ్బరం, నీళ్ల విరేచనాలు, రక్తహీనత తెచ్చిపెట్టేదని పాత వైద్యులకు బాగా తెలుసు. తమరి, తమలాంటి మందుల పుణ్యమా అని ఆ ఆపరేషన్లు చాలావరకు తప్పాయి. ఆపరేషన్‌ను తప్పించిన చేత్తోనే, అది తెచ్చే జబ్బుకు, అంటే చిన్నపేగులో బాక్టీరియా మితిమీరి పెరగడానికి, ఇంకో దారి తెరిచిపెట్టిన తమరి సమదృష్టి గురించే ఈ విన్నపం.

ఆ దారి ఎలాంటిదో తమరికి నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది, అయినా చదివే నలుగురి కోసం చెబుతాను. మన పెద్దపేగులో ఒక్కొక్క గ్రాముకు వేల కోట్ల బాక్టీరియా ఉంటుంది, అది దాని సొంత కాపురం. దానికి ముందున్న చిన్నపేగు దాదాపు ఆరు మీటర్ల పొడవున్నా, తిన్నదాన్ని రక్తంలోకి పీల్చుకునే పని అక్కడే జరగాలి కనుక, దాని పై భాగంలో సూక్ష్మజీవులు అతి తక్కువగా ఉంటాయి. వాటిని అక్కడ పెరగనివ్వని ఏర్పాట్లలో మొదటిది జీర్ణాశయంలోని ఆమ్లం. నోటి గుండా వచ్చే ప్రతి క్రిమినీ గేటు దగ్గరే నిలదీసే ఈ వాచ్‌మన్‌ను తమరు రోజూ పొద్దున్నే ఇంటికి పంపించేస్తున్నారు. రెండో ఏర్పాటు, ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు గంటన్నర నుంచి రెండు గంటలకు ఒకసారి పై నుంచి కిందికి సాగే పేగు కదలిక, మిగిలిన ఎంగిలిని పెద్దపేగులోకి ఊడ్చేది అదే. ఏదైనా తినగానే ఆ కదలిక ఆగిపోతుంది. టిఫినుకూ భోజనానికీ మధ్య పకోడీ, భోజనానికీ టీకీ మధ్య జంతిక, సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చరు అనే దినచర్య ఉన్నవాడికి ఆ ఊడ్పు జరిగే అవకాశమే తక్కువ. చాలాకాలంగా మధుమేహం ఉంటే పేగు నరాలు దెబ్బతిని అది ఇంకా మందగిస్తుంది.

మా పెదమావయ్య పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. మోకాళ్ల నొప్పులకు ఎప్పుడో కొన్నాళ్లు నొప్పి బిళ్ళలు వాడినప్పుడు, అవి కడుపును కోయకుండా తోడుగా తమరిని రాశారు. నొప్పి బిళ్ళలు ఆగిపోయాయి. తమరు ఆగలేదు. ఆపమని చెప్పవలసింది ఎవరో ఎవరికీ తెలియదు కనుక, తమరు ఆ ఇంట్లో కాఫీ కన్నా ముందు లేచే సభ్యులైపోయారు. కొన్నేళ్లకు ఆయనకు మధ్యాహ్న భోజనమైన గంటకల్లా పొట్ట తప్పెటలా బిగిసిపోవడం, రోజుకు నాలుగైదుసార్లు పల్చటి విరేచనాలు, బెల్టుకు కొత్త చిల్లులు పొడవవలసినంతగా ఒళ్లు తగ్గడం, అరికాళ్లలో తిమ్మిర్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. "గ్యాసేలే మావయ్యా" అన్నారు బంధువులు. దుకాణం కుర్రాడు తమరి మోతాదు పెంచాడు. ఎవరో సోడాలో నిమ్మకాయ పిండి ఇచ్చారు. తిమ్మిర్లు షుగరు ఖాతాలోకి, బరువు తగ్గడం వయసు ఖాతాలోకి, ఉబ్బరం గ్యాసు ఖాతాలోకి వెళ్లిపోగా, ఇవన్నీ ఒకే మనిషి ఒంట్లో జరుగుతున్నాయన్న సంగతి ఏ ఖాతాలోకీ రాలేదు.

చివరికి చూసిన జీర్ణకోశ నిపుణురాలు ముందు మందు రాయలేదు, అది మా అత్తయ్యకు తీవ్ర అసంతృప్తి కలిగించింది. రక్తపరీక్షలో బి12 బాగా తక్కువగా ఉంది, ఫోలేటు అనే ఇంకో బి విటమిన్ మాత్రం ఎక్కువగా ఉంది. పేగులో చేరిన బాక్టీరియా బి12ను తానే తినేస్తుందనీ, ఫోలేటును తానే తయారు చేస్తుందనీ, కనుక ఈ రెండూ ఎదురెదురుగా కనిపిస్తే అటువైపు ఆలోచించాలనీ ఆవిడ వివరించారు. అదే నిర్ధారణ కాదని కూడా అన్నారు, ఎందుకంటే షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ బి12ను తగ్గిస్తుంది, దీర్ఘకాలం వాడితే తమరూ తగ్గిస్తారు. బరువు తగ్గింది కనుక పేగు క్షయ, కంతి, క్లోమం జబ్బు లేవని స్కానుతోనూ ఎండోస్కోపీతోనూ ముందు తేల్చుకున్నారు. మన దేశంలో పేగు క్షయ అరుదు కాదు, అది పేగును సన్నగా చేస్తే ఆ సన్నదనానికి పైన కూడా బాక్టీరియా ఇలాగే పెరుగుతుంది. ఇన్నేళ్లూ తమరు కప్పిపుచ్చిన ప్రశ్నలన్నీ ఒక్క వారంలో బల్ల మీదికి వచ్చాయి.

ఆ తరువాత ఊపిరి పరీక్ష. దానికి ముందు నాలుగు వారాలు యాంటీబయాటిక్ తగలకూడదు, విరేచన మందులు ఒక వారం ముందే మానాలి, ముందురోజు పీచు, పప్పు, పాలు ముట్టకూడదు, రాత్రి నుంచి ఉపవాసం ఉండాలి. ముందురోజు తెల్లన్నం, ఉడికించిన గుడ్డు లేదా చేప తినవచ్చన్నారు. పప్పూ కూరా చారూ లేని వట్టి అన్నం ఇంట్లో మైలగా ఉన్నట్టు అనిపిస్తుందని అత్తయ్య వాపోయింది గానీ, ధాన్యాలన్నిటిలోకీ పేగులో అతి తక్కువ గాలి పుట్టించేది బియ్యమేనని తెలిశాక మావయ్యకు అన్నం మీద గౌరవం పెరిగింది. మర్నాడు రక్తంలో చక్కెర చూసి, ఒక ఊపిరి తీసుకుని, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, ప్రతి పావుగంటకూ గొట్టంలోకి మెల్లగా ఊదమన్నారు. మనిషి కణాలు హైడ్రోజన్‌ను తయారు చేయలేవు, అది ఊపిరిలో కనిపించిందంటే లోపల ఎక్కడో సూక్ష్మజీవులు చక్కెరను పులియబెట్టినట్టే. మొదటి ఊపిరి కన్నా 90 నిమిషాల లోపు హైడ్రోజన్ 20 పీపీఎం (అంటే పది లక్షల్లో 20 వంతులు) పెరిగితే పరీక్ష పాజిటివ్ అంటారు. మీథేన్ ఎప్పుడైనా 10 పీపీఎం చేరితే అది వేరే కథ, దాన్ని పుట్టించేవి బాక్టీరియా కూడా కావు, ఆర్కియా అనే వేరే జాతి జీవులు, వాటి వల్ల వచ్చేది సాధారణంగా మలబద్ధకం. మావయ్య ప్రతి ఊపిరికీ తెర మీద అంకె ఎక్కుతుంటే, ఎన్నికల లెక్కింపు చూస్తున్నట్టు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

ఈ పరీక్షను తలకెత్తుకుని తమరి స్థానంలో కూర్చోబెట్టాలని కూడా నాకు లేదు. గ్లూకోజు చిన్నపేగు పై భాగంలోనే ఇంకిపోతుంది, కనుక కింది భాగంలో ఉన్న తగాదా దానికి దొరకకపోవచ్చు. మలబద్ధకానికి వాడే లాక్టులోజ్ సిరప్‌తో చేస్తే, పేగు చురుకైనవాడిలో అది గడువు లోపే పెద్దపేగుకు చేరి, లేని జబ్బును ఉందని చెప్పవచ్చు. ఎండోస్కోపీతో చిన్నపేగు ద్రవాన్ని తీసి కల్చరు చేసే, అంటే అందులోని క్రిములను పెంచి లెక్కించే, పద్ధతి ఇంకా నేరుగా ఉంటుంది గానీ, తీసేటప్పుడు నోటి క్రిములు కలవవచ్చు, పైగా అది ఖర్చు. హద్దు విషయంలో కూడా పెద్దలు అభిప్రాయం మార్చుకున్నారు: మిల్లీలీటరు ద్రవానికి లక్ష బాక్టీరియా ఉంటేనే జబ్బు అన్నది పాత లెక్క, వెయ్యి చాలన్నది 2017 నాటి ఉత్తర అమెరికా నిపుణుల ఏకాభిప్రాయం. అందుకే మంచి వైద్యులు అంకెను రోగితో కలిపి చదువుతారు, ప్యాకేజీలు అమ్మేవారు అంకెను మాత్రమే చదువుతారు.

వైద్యానికి వస్తే, రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ 550 మిల్లీగ్రాములది రోజుకు మూడు చొప్పున రెండు వారాలు రాశారు. రక్తంలోకి దాదాపు ఎక్కకుండా పేగులోనే పనిచేయడం దాని సుగుణం, ధర దాని దుర్గుణం. మీథేన్ రకమైతే దానికి నియోమైసిన్‌ను జత చేస్తారు. రిఫాక్సిమిన్ క్షయకు వాడే రిఫాంపిసిన్‌కు దాయాది మందు కూడా, కనుక మొలకెత్తిన పెసలు తిన్నందుకు వచ్చిన ఉబ్బరానికి ఎవరికి వారు కొనుక్కుని మింగవలసినది కాదు. కానీ తమరు వేసిన బాట చక్కగా ఉండడం వల్ల, అదీ ఇప్పుడు తమరి పక్క అరలోకి వచ్చి, కత్తెరకు అలవాటు పడుతోంది. ఫోనులో చూసి తమకు ఉన్నది ఈ జబ్బేనని తేల్చుకున్న కుర్రవాళ్లు దాన్ని పేరు పెట్టి అడుగుతున్నారు. తమరికి వారసుడి కొరత లేదని గమనించగలరు.

మావయ్యకు మందుతో పొట్ట దిగింది, బి12 ఇంజెక్షన్లతో తిమ్మిర్లు నెమ్మదిగా తగ్గుతున్నాయి. అయితే ఈ జబ్బు తిరిగి వచ్చే రకం. 2008లో వెలువడిన ఒక ఇటలీ అధ్యయనంలో, రిఫాక్సిమిన్‌తో నయమైన వారిలో దాదాపు 44 శాతం మందికి తొమ్మిది నెలల్లోపు పరీక్ష మళ్లీ పాజిటివ్ అయింది. అలా తిరగబెట్టిన వారిలో ఎక్కువగా కనిపించినవి మూడు: పెద్ద వయసు, గతంలో అపెండిక్స్ ఆపరేషన్, ఎడతెగకుండా తమరి సేవ. వయసును ఎవరూ వెనక్కు తీసుకోలేరు, తీసేసిన అపెండిక్స్‌ను తిరిగి పెట్టలేరు. మిగిలినవారు తమరొక్కరే.

కనుక నా విన్నపం ఇది. గుండెకు ఆస్పిరిన్ వాడే పెద్దవారి దగ్గర, అన్నవాహికలో పుండు ఉన్నవారి దగ్గర, రక్తం కక్కి ఆసుపత్రిలో చేరినవారి దగ్గర తమరు నిశ్చింతగా ఉండండి, అక్కడ తమరిని కదిపేవాడు మూర్ఖుడు. తక్కిన ఇళ్లలో, వచ్చిన పని ఏమిటో, వెళ్లేది ఎప్పుడో తమరిని పంపిన వైద్యుడి చేత చీటీ మీద రాయించుకుని రండి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే కాగితంలో చివరి వరుసలో మెల్లగా చోటు సంపాదించే అలవాటు మానుకోండి. వెళ్లేటప్పుడు కూడా అలిగి వెళ్లకండి: తమరిని ఉన్నపళంగా మానేస్తే ఆమ్లం కొన్నాళ్లు రెట్టింపు ఉత్సాహంతో ఊరి, "చూశారా, నేను లేకపోతే ఎలా ఉందో" అని రోగి చేతే తమరు సాక్ష్యం చెప్పించుకుంటారని మాకు తెలిసిపోయింది. అందుకే మావయ్యకు మోతాదు సగం చేసి, తరువాత రోజు మార్చి రోజు ఇచ్చి, ఆపైన మాన్పించే ఏర్పాటు చేశారు.

ప్రస్తుతం రోజు మార్చి రోజు దశలో ఉన్నాం. అత్తయ్య మాత్రం ఎందుకైనా మంచిదని తమరి కొత్త అట్ట ఒకటి కొని, పోపులపెట్టె వెనుక ఇంగువ డబ్బాలో పెట్టింది. ఆ సంగతి నాకు తెలుసు, మావయ్యకు కూడా తెలుసు.

ఇట్లు,
తమరి ప్రభావక్షేత్రంలో నివసిస్తున్న
విశాఖ వాసి