సవరణ: లూసీ వయసు 32 లక్షల ఏళ్లు

పోయిన ఆదివారం పెట్టిన పోస్టులో లూసీ (మనకన్నా ఎంతో ముందు బతికిన, మన కుటుంబానికే చెందిన పాత జాతి ఆడమనిషి) అస్థిపంజరం వయసు 3 కోట్ల 20 లక్షల ఏళ్లని రాశాను. అది తప్పు, 32 లక్షల ఏళ్లే. మిలియన్ అంటే పది లక్షలు. 3.2 మిలియన్లను తెలుగులోకి మార్చేటప్పుడు కోట్లు చేసేశాను. దేవరకొండ నుంచి లెక్కల సారొకరు ఫోన్ చేసి చెప్పారు. పిల్లలు నోట్సులో రాసుకున్నారని కూడా అన్నారు. అది విన్నప్పటి నుంచి టెన్షన్‌గానే ఉంది. దయచేసి దిద్దుకోండి.

ఇది చిన్న తేడా కాదు. మన దారి, చింపాంజీల దారి విడిపోయిందే సుమారు 60, 70 లక్షల ఏళ్ల కింద. 1974లో ఇథియోపియాలోని హదర్‌లో దొరికిన లూసీ మీటరుకు కాస్త పైన ఎత్తు ఉండేది. ఆమె జాతి మెదడు చింపాంజీ మెదడు కన్నా కొంచెమే పెద్దది. కానీ తుంటి, మోకాలి ఎముకలు చూస్తే నిటారుగా నడిచిందని తెలుస్తుంది. ముందు నడక వచ్చింది, పెద్ద మెదడు చాలా తర్వాత. నాకు ఈ కథలో అన్నిటికన్నా అపురూపంగా తోచేది ఇదే.

"కోతి నుంచి మనిషి పుట్టాడు" అన్న మాటా తీసేస్తున్నాను. ఇప్పటి కోతులు మనకు తాతలు కారు, దూరపు దాయాదులు.

అలాగే కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లను "ఆదిమానవులు పాతినవి" అన్నాను. అవి మూడు, నాలుగు వేల ఏళ్ల నాటివి. మన జాతి, అంటే ఇప్పటి మనుషుల జాతి, వయసు దాదాపు 3 లక్షల ఏళ్లు. కాబట్టి ఆ రాళ్లు నిలబెట్టినవాళ్లు ఒంట్లోనూ బుద్ధిలోనూ అచ్చం మనలాంటి మనుషులే.