జీక్వాక్స్: జియాన్ గెలిస్తే ఏ యంత్రం ఎలా మారుతుంది?

1979 ఏప్రిల్ 7న నగోయా టీవీలో మొదలైన జపాన్ యానిమే సీరియల్ 'మొబైల్ సూట్ గండమ్' తొలి ఎపిసోడ్ అంతా ఒక సైనికుడి దుడుకుతనం మీద నడుస్తుంది. సైడ్ 7 అనే అంతరిక్ష కాలనీలో భూమి ప్రభుత్వమైన ఫెడరేషన్ రహస్యంగా తయారుచేస్తున్న ఆయుధాల ఆచూకీ తీయమని, దానితో యుద్ధం చేస్తున్న అంతరిక్ష రాజ్యం జియాన్ సేనాని షార్ అజ్నబుల్, మనిషి లోపల కూర్చుని నడిపే భారీ రోబోలైన జాకు యంత్రాలను మూడింటిని పంపుతాడు. అందులో జీన్ అనేవాడు చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం. పక్కనున్న డెనిమ్ వద్దని వారిస్తున్నా కాల్పులు మొదలెడతాడు. ఆ గందరగోళంలో పదిహేనేళ్ల అమురో రే చేతిలో మాన్యువల్ పట్టుకుని ఫెడరేషన్ రహస్య రోబో గండమ్ ఎక్కేస్తాడు. తర్వాతి నలభై ఆరేళ్ల సీరియళ్లు, సినిమాలు, ప్లాస్టిక్ బొమ్మలు అన్నీ అక్కడి నుంచే.

2025 ఏప్రిల్ 8 నుంచి జూన్ 24 దాకా నిప్పన్ టీవీలో 12 ఎపిసోడ్లుగా వచ్చి, ప్రైమ్ వీడియోలో మన దాకా చేరిన 'మొబైల్ సూట్ గండమ్ జీక్వాక్స్' సరిగ్గా అక్కడే వేలు పెట్టింది. ఈసారి షార్ మనుషుల్ని పంపి ఊరుకోడు, తానే జాకు ఎక్కి కాలనీలోకి దిగుతాడు. గండమ్ కంటపడుతుంది, ఎక్కేస్తాడు. అమురోకి ఆ అవకాశమే రాదు. ఫెడరేషన్ యుద్ధనౌక వైట్ బేస్ కూడా జియాన్ చేతికి చిక్కి 'సోడన్'గా మారుతుంది. ఏడాది యుద్ధం జియాన్ గెలుస్తుంది. అసలు కథ ఆ తర్వాత ఐదేళ్లకు, ఆ కథాలోకపు క్యాలెండర్ అయిన యూనివర్సల్ సెంచరీ ప్రకారం 0085లో మొదలవుతుంది. (ముగింపు దాకా విప్పకుండా ఈ సీరియల్ గురించి మాట్లాడటం కుదరదు. ఇంకా చూడనివాళ్లు గమనించగలరు.)

భారతాన్ని కర్ణుడి వైపు నుంచో, దుర్యోధనుడి వైపు నుంచో చెప్పడం మనకు కొత్త కాదు. అందులో సంఘటనలు మారవు, చూసే కన్ను మారుతుంది. జీక్వాక్స్ చేసింది అది కాదు. కుంతి అడిగిన రోజున కర్ణుడు సరేనని పాండవుల వైపు వచ్చేస్తే పద్దెనిమిది రోజుల యుద్ధంలో ఏ రోజు ఏమయ్యేదో లెక్కవేయడం లాంటిది.

గండమ్ పేరు మీద కొత్త లోకాలు కట్టడం పాత పద్ధతే. 1994 'జీ గండమ్', 1995 'వింగ్', 2022 'ది విచ్ ఫ్రమ్ మెర్క్యురీ' సొంత క్యాలెండర్లతో, పాత చరిత్రతో సంబంధం లేకుండా వచ్చాయి. పాత కథను మళ్లీ చెప్పిన 'ది ఆరిజిన్' కూడా ఉంది. యూనివర్సల్ సెంచరీలో ఉంటూనే దాని మొదటి మలుపును మార్చేయడం మాత్రం టీవీ సీరియల్ స్థాయిలో జరగలేదు. ఏ యంత్రం ఏ నెలలో, ఏ ఫ్యాక్టరీలో, ఏ మోడల్ నంబరుతో వచ్చిందో అభిమానులు కంఠతా పట్టిన చరిత్ర అది. దాన్ని కదపడానికి సన్‌రైజ్ సంస్థ బయటి స్టూడియో ఖారాతో చెయ్యి కలిపింది. దర్శకుడు కజుయా త్సురుమాకి. స్క్రిప్టు యోజి ఎనోకిడో, హిదెఆకి అన్నో. యంత్రాల రూపకల్పన ఇకుతో యమాషితా. ఎవాంజెలియన్ యానిమే తెలిసినవాళ్లకు త్సురుమాకి, అన్నో, యమాషితా పేర్లు కొత్త కాదు.

ఈ సీరియల్ అసలు బలం యంత్రాల్లో ఉంది. పాత కథలో గండమ్ ఎందుకంత ప్రమాదకరమో ఒకసారి గుర్తుచేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మినోవ్‌స్కీ కణాలు రాడార్‌ను గుడ్డిదాన్ని చేస్తాయి కాబట్టి అంతరిక్షంలో కూడా కంటికి కనబడేంత దగ్గరికొచ్చి పోరాడాలి. పదిహేడున్నర మీటర్ల జాకు వల్ల జియాన్ తొలి నెలల్లో చెలరేగిపోవడానికి కారణం అదే. తర్వాత 18 మీటర్ల గండమ్ వచ్చింది. యుద్ధనౌక ఫిరంగికి ఉండే దెబ్బను చేతిలో పట్టుకునే బీమ్ రైఫిల్‌లో పెట్టుకొచ్చింది. ఆ రైఫిల్‌కు దీటుగా భారీ ఎత్తున తయారయ్యే యంత్రం, అంటే గెల్‌గూగ్, జియాన్‌కు అందేసరికి యుద్ధం చివరికొచ్చింది. ఈలోగా ఫెడరేషన్ గండమ్‌ను చవగ్గా కుదించి జిమ్ పేరుతో గుట్టలుగా తయారుచేసి గెలిచింది.

ఇప్పుడు గండమ్‌ను జియాన్ ఎత్తుకెళ్లిందనుకోండి. లెక్క మొత్తం తలకిందులవుతుంది. ఫెడరేషన్ దగ్గర గండమ్ లేదు కాబట్టి జిమ్ పుట్టదు. మిగిలిన మరో యంత్రం గన్‌క్యానన్‌నే తేలిక చేసి భారీగా తయారుచేస్తారు. భుజం మీద ఫిరంగులతో కనబడే ఆ 'లైట్ క్యానన్' ఈ లోకపు ఫెడరేషన్ పదాతి దళం. అటు జియాన్ మాత్రం గండమ్‌ను విప్పి, చదివి, దాని మీద తన కొత్త యంత్రాన్ని తయారుచేస్తుంది. దానికి పెట్టిన పేరు గెల్‌గూగ్. అభిమాని ఉలిక్కిపడేది ఆ యంత్రం తెరమీదికి వచ్చినప్పుడే. పేరు గెల్‌గూగ్, ముఖం మాత్రం జిమ్‌ది! పాత గెల్‌గూగ్‌కు ఉన్న పంది ముక్కు లాంటి ముఖమూ లేదు, ఒంటి కన్నూ లేదు. పాత లోకంలో ఫెడరేషన్ ఇంజనీర్లు గండమ్ నుంచి ఏది పిండుకున్నారో, ఈ లోకంలో జియాన్ ఇంజనీర్లూ అదే పిండుకున్నారు. డైలాగుల్లో దీనికి వివరణ ఏమీ ఉండదు. తెలిసినవాడు నవ్వుకుంటాడు, తెలియనివాడికి అదొక రోబో, అంతే.

ఆ ఎత్తుకెళ్లిన గండమ్‌కు షార్ ఎర్ర రంగు వేయించి, మనసుతో నడిచే సైకమ్యూ పరికరం, దానితో దూరం నుంచి నడిపే చిన్న ఆయుధాలైన బిట్లు అమర్చడం కూడా ఇదే తర్కం. పాత కథలో జియాన్ ఆ పరికరాన్ని మనిషి ఆకారం లేని భారీ యంత్రాలైన మొబైల్ ఆర్మర్లలో ఇరికించాల్సి వచ్చింది. మంచి చట్రం ముందే దొరికితే మనిషి ఆకారంలోనే కుదిరింది.

యుద్ధం ముగిశాక ఆయుధాలు ఏమవుతాయి అనే ప్రశ్నను కూడా ఈ సీరియల్ వదల్లేదు. తటస్థంగా ఉండే సైడ్ 6లో పాత జాకులు పనిముట్లుగా అమ్ముడయ్యాయి. పౌరుల చేతికొచ్చే యంత్రాల్లో పోరాట సామర్థ్యానికి తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీసే చిన్న 'ఇన్‌స్టాలర్' పరికరాన్ని దొంగచాటుగా చేరవేస్తూ పొట్టపోసుకునే శరణార్థి పిల్ల న్యాన్. ఆమె ఢీకొట్టింది అమాటే యుజురిహా అనే హైస్కూల్ పిల్లను. తల్లి ప్రభుత్వ ఉద్యోగి, చదువు, ట్యూషన్, అన్నీ ఉన్న ఇల్లు. ఆమె మారుపేరు మాచు. వాళ్లిద్దరినీ లాగే సుడి 'క్లాన్ బ్యాటిల్' అనే చట్టవిరుద్ధ పందెం. ఇద్దరికి ఇద్దరు, ఎదుటి యంత్రం తల ఎగరగొడితే గెలుపు. 'జీ గండమ్'లోనూ తల పోతే ఓటమే కాబట్టి ఆ నియమం పాతవాళ్లకు పరిచయమే. కానీ ఇద్దరు ఎందుకు? రాడార్ లేని చోట ఒకడి వీపు ఇంకొకడు కాయాలి. ఆ జంట వ్యూహాన్ని 'మావ్' అంటారు. యుద్ధంలో దాన్ని నడిపించిన జోడీ షార్, తోటి జియాన్ పైలట్ షరియా బుల్. సైన్యం వ్యూహం ఐదేళ్లకు వీధి పందెం నియమం అయింది.

నాలుగో ఎపిసోడ్ ఈ ఆలోచనను మనిషి మీద పెట్టి చూపించింది. ప్రత్యర్థిగా వచ్చే షీకో సుగాయ్ ఒకప్పుడు ఫెడరేషన్ తరఫున వందకు పైగా యంత్రాలను కూల్చిన పైలట్, ఇప్పుడు ఒక బిడ్డ తల్లి. తన మావ్‌ను చంపిన ఎర్ర గండమ్ మళ్లీ కనబడిందని తెలిసి సంసారం పక్కన పెట్టి వస్తుంది. ఆమె నడిపేది గెల్‌గూగ్. అంటే తమను ఓడించిన యంత్రం పిల్లనే ఎక్కి తండ్రి మీదికి వెళ్తోంది. ఇప్పుడు ఆ ఎర్ర గండమ్ నడిపే కుర్రాడు షూజి చేతిలో చచ్చిపోతుంది. ఆట అనుకుని దిగిన మాచుకు ఇది ఆట కాదని తెలిసేది అప్పుడే. మొత్తం 12 ఎపిసోడ్లలో కథ, యంత్రం, చరిత్ర మూడూ ఒకే బిగువుతో నడిచింది ఇందులోనే.

షరియా బుల్ సంగతి వేరే చెప్పాలి. 1979 సీరియల్‌లో ఆయన 39వ ఎపిసోడ్‌లో బృహస్పతి నుంచి తిరిగొచ్చి, బ్రావ్ బ్రో అనే మొబైల్ ఆర్మర్ ఎక్కి, అదే ఎపిసోడ్‌లో అమురో చేతిలో చనిపోతాడు. తర్వాత వచ్చిన మూడు సినిమాల కూర్పులో ఆ ముక్కే లేదు. అమురో లేని లోకంలో ఆయన బతికి ఉంటాడు కదా, అన్న ఒక్క ప్రశ్న నుంచి త్సురుమాకి బృందం మొత్తం సీరియల్‌కు ఇరుసు లాంటి పాత్రను తీసింది. మాయమైన షార్ కోసం ఐదేళ్లుగా వెతుకుతూ, పైకి చిరునవ్వుతో ఉండే ఈ ఆకుపచ్చ యంత్రపు పైలట్ ముందు మిగతా పాత్రలు పలచగా కనిపిస్తాయి. ఇది పొగడ్తా, ఫిర్యాదూ రెండూ.

ఫిర్యాదు దగ్గరికొస్తే, మొదటి చిక్కు వరసలో ఉంది. 2025 జనవరి 17న జపాన్ థియేటర్లలో విడుదలైన 'బిగినింగ్' కూర్పులో ముందు 0079 చరిత్ర, తర్వాత మాచు కథ. పాత నేపథ్య సంగీతం, పాత తరహా వ్యాఖ్యానం, 1979 నాటి ఫ్రేముల కూర్పు చూసి హాల్లో కూర్చున్నవాళ్లు పాత సినిమాకే వచ్చామనుకునేలోగా షార్ గండమ్ ఎక్కేస్తాడు. టీవీలో ఆ వరస తిప్పేశారు. మొదటి ఎపిసోడ్ మాచుది, చరిత్ర రెండోదానికి నెట్టారు. కొత్తవాళ్లను భయపెట్టకూడదన్న ఉద్దేశం అర్థమవుతుంది. కానీ మాచు జీక్వాక్స్ అనే యంత్రం ఎక్కి ఊపు అందుకున్న మరుక్షణం వారం ఆగి వస్తే, ఆమె ఊసే దాదాపు లేని 25 నిమిషాలు ఎదురవుతాయి. పాతవాళ్లకు ఆశ్చర్యం పోయింది, కొత్తవాళ్లకు ఊపు పోయింది.

రెండోది పెద్దది. సోలమన్ కోటను చంద్రుడి మీది జియాన్ స్థావరం గ్రనాడా మీద పడేయాలని ఫెడరేషన్ చూసినప్పుడు 'జెక్నోవా' అనే వింత పేలుడులో ఎర్ర గండమ్, షార్ మాయమవుతారు. దాని వెనకున్న రహస్యం తొమ్మిదో ఎపిసోడ్ నుంచి విప్పుతారు. వేరే లోకంలో తెల్ల గండమ్ చేతిలో షార్ చనిపోవడం చూసిన, అతన్ని ప్రేమించిన లాలా సున్, అతను బతికే లోకం దొరికేదాకా లోకాలను కంటూ పోతోంది. ఈ లోకం కూడా అందులో ఒకటి. అంటే ఎనిమిది ఎపిసోడ్ల పాటు కారణం, ఫలితం అంటూ అంత ఓపిగ్గా కట్టిన చరిత్ర చివరికి ఒకరి కోరికగా తేలింది. ఒక మనిషి తీసుకున్న చిన్న నిర్ణయం యుద్ధాన్ని మార్చింది అనే మాటకున్న పదును, ఆ నిర్ణయం వెనక దైవం లాంటిది ఉందనగానే మొద్దుబారింది.

నుదుట బొట్టుతో, భారతీయ ఛాయలతో 1979లోనే గీసిన లాలాను మన ప్రేక్షకులు ప్రత్యేకంగా గమనిస్తారు. అప్పుడు షార్ కోసం అడ్డుపడి ప్రాణం విడిచింది. ఇన్నేళ్ల తర్వాత లోకాలనే సృష్టించే శక్తి ఇచ్చి కూడా ఆమెకు చేయడానికి దొరికిన పని షార్‌ను కాపాడటమే. ఇక్కడ చరిత్రను మార్చే ధైర్యం ఎందుకు సరిపోలేదో!

పన్నెండు ఎపిసోడ్ల పరిమితి కూడా దెబ్బకొట్టింది. పాత సీరియల్‌ను కూడా 52 నుంచి 43కు కోశారు. అయినా అప్పటికి పాత్రలను కూడగట్టడానికి నలభై వారాలు దొరికాయి. ఇక్కడ జియాన్ పాలక కుటుంబపు అన్నాచెల్లెళ్లు గిహ్రెన్, కిసీలియాల మధ్య కుట్ర, ఇయోమాగ్నుస్సో అనే మహాయుధం, షార్ చెల్లెలు ఆర్టేసియాను గద్దె మీద కూర్చోబెట్టే ఆలోచన, షూజి అసలెవరు అన్నవన్నీ చివరి నాలుగు ఎపిసోడ్లలో కుక్కారు. ఎక్కువ నష్టపోయింది న్యాన్. కిసీలియా పంచన చేరి, గండమ్ ఎక్కి, మీట నొక్కి ఘోరం చేసిన పిల్ల ఆ తర్వాత ఏమనుకుందో చూపడానికి నిమిషాలు లేవు.

అయినా చివరి ఎపిసోడ్‌లో ఒక్క దెబ్బ సరిగ్గా పడింది. పన్నెండు వారాలుగా యమాషితా గీసిన సన్నటి, కోణాల గండమ్‌లకు కళ్లు అలవాటు పడ్డాక, అవతలి లోకం నుంచి వచ్చిన తెల్ల గండమ్ కునియో ఓకవారా 1979లో గీసిన రూపంతోనే నిలబడుతుంది. రెండు లోకాలు వేరని మాటల్లో చెప్పాల్సిన పని గీతల తేడాతో అయిపోయింది.

కొత్తగా చూడాలనుకునేవాళ్లకు ఒక సూచన. 43 ఎపిసోడ్లకు తీరిక లేకపోతే 1981, 82ల్లో వచ్చిన మూడు సినిమాలు చాలు. కానీ షరియా బుల్ వాటిలో లేడు కాబట్టి టీవీ సీరియల్‌లోని 39వ ఎపిసోడ్ విడిగా చూడాలి. ఇంకొంచెం ఓపిక ఉంటే సైడ్ 6లో అమురో, లాలా కలిసే 34, లాలా మరణించే 41 కూడా. ఆ తర్వాత జీక్వాక్స్ రెండో ఎపిసోడ్‌తో మొదలుపెట్టి, వెనక్కి వచ్చి ఒకటి, ఆపైన మూడు నుంచి వరసగా చూస్తే థియేటర్లో అనుకున్న క్రమం చాలావరకు దక్కుతుంది.