మహారాజశ్రీ బీఎల్1 తెలుపు గారికి

అయ్యా,

హనుమకొండ నుంచి రాస్తున్నాను. మీకు నేను తెలియదు. ఆ మాటకొస్తే మీకు మనుషులెవరూ తెలియదు, ఎందుకంటే మీరు మనిషి నోట్లో పుట్టిన రంగు కాదు. డెంటల్ క్లినిక్‌లో డాక్టర్ గారు డ్రాయర్ లాగి, ఒక పట్టీకి వరసగా గుచ్చిన ఉత్తుత్తి పళ్ళ సెట్టు తీసి, పేషెంట్ పెదవి పైకెత్తి పక్కన పెట్టి చూస్తారు కదా, షేడ్ గైడ్ అంటారు దాన్ని. ఈ కాలపు సెట్లలో ఆ చివరన అందరికంటే తెల్లగా మెరుస్తూ కూర్చునేది తమరే. నక్కలగుట్ట నుంచి హంటర్ రోడ్డు దాకా ఏ ఫ్లెక్సీ చూసినా తమరి దర్శనమే. ఎడమ పక్క ‘ముందు’, కుడి పక్క ‘తర్వాత’. ముందు ఫొటోలో మనిషి అప్పులోళ్ళు ఇంటిముందు నిలబడ్డట్టు మొహం పెట్టుకుని ఉంటాడు, తర్వాత ఫొటోలో అదే మనిషి, పైన కొత్త లైటు, పెదవికి రంగు, నోటినిండా కొత్తగా సున్నం కొట్టిన గోడ.

ఒకప్పుడు మీరు లేరు. ఆ పాత షేడ్ గైడ్‌లో పదహారు పళ్ళే ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. ఏ అంటే కాస్త ఎరుపు గోధుమ, బీ అంటే పసుపు వైపు, సీ అంటే బూడిద, డీ అంటే ఎరుపు కలిసిన బూడిద. ఏ1 నుంచి డీ4 దాకా. (డీ1 అనే పన్ను అందులో లేదు, డీ2తోనే మొదలవుతుంది, ఎందుకో తీరిక ఉన్నప్పుడు మీరే కనుక్కోండి.) భూమ్మీద ఉన్న మనుషుల నోళ్ళను దాదాపుగా ఆ పదహారులోనే సర్దేవారు, అందులో అన్నిటికంటే తెల్లది బీ1. అదే గొప్ప. తర్వాత జనానికి బీ1 కూడా మబ్బుగా కనబడటం మొదలైంది, అప్పుడు కంపెనీలు బ్లీచ్ షేడ్లు అని పక్కన ఇంకో నాలుగు కుర్చీలు వేశాయి, పెద్ద కుర్చీలో మీరు కూర్చున్నారు. నన్ను కూడా ఒకసారి కొలిచారు లెండి, ఏ3.5 అన్నారు. తెలుపు నుంచి ముదురుకు పేరిస్తే ఆ పదహారులో పన్నెండో స్థానం. యాభై దాటి, రోజుకు నాలుగు చాయ్‌లు తాగేవాడికి అది పాస్ మార్కే.

అసలు మంచి పన్ను పాలలా ఉండదు స్వామీ. పైన ఉండే ఎనామిల్ సగం పారదర్శకం, దాని కింద ఉండే డెంటిన్ సహజంగానే పసుపు, ఆ పసుపే బయటికి కనబడుతుంది. వయసు పెరిగేకొద్దీ పైపొర అరిగి పలుచనవుతుంది, లోపలి రంగు ఇంకా తేలుతుంది. ఇదంతా రోగం కాదు. కానీ మీ ఫ్లెక్సీ కింద నిలబడి సెల్ఫీ కెమెరా తీసి చూసుకుంటే మాత్రం ఎవడికైనా తనకేదో రోగం ఉందనే అనిపిస్తుంది, అక్కడే ఉంది తమరి వ్యాపారమంతా.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. మా అక్క కొడుక్కి మాఘంలో పెళ్ళి. లక్నవరం వేలాడే వంతెన మీద ప్రీవెడ్డింగ్ షూట్ పెట్టుకున్నారు, కెమెరావాడు డ్రోన్ కూడా తెస్తాడట. వాడు క్లినిక్‌కు పోతూ తోడుగా నన్ను తీసుకుపోయాడు. డాక్టర్ గారు మంచాయన, అద్దం పెట్టి అంతా చూసి, “నీ పళ్ళు ఏ2, శుభ్రంగా ఉన్నాయి బాబూ, గార తీయించుకో, కావాలంటే రాత్రిపూట ట్రేలో జెల్ వేసుకుని రెండు మూడు వారాలు బ్లీచింగ్ చెయ్యి, సరిపోతుంది” అన్నారు. మావాడు ఫోన్ తీసి ఒక రీల్ చూపించాడు. అందులో తమరే. “గిట్లనే కావాలె సార్, ముందు ఎనిమిది పళ్ళకు వెనీర్లు” అన్నాడు. నేను ఏదో అనబోతే “మామా, నీకు తెల్వదు, కెమెరాల వేరే పడతది” అని నన్ను కూర్చోబెట్టాడు.

వెనీర్ అంటే ఏంటో మీకు తెలుసు, చదివేవాళ్ళకు చెబుతున్నాను. పన్ను ముందు వైపు అంటించే పలుచని పింగాణీ రేకు అది. అది కూర్చోవాలంటే మామూలుగా పన్ను పైపొరను అర మిల్లీమీటరు అటూ ఇటూగా అరగదీస్తారు. అర మిల్లీమీటరే కదా అంటారు. చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎనామిల్ మాత్రం తిరిగి రాదు, దాన్ని తయారు చేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే పోతాయి. ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థాన్ని, ఏ తప్పూ చేయనిదాన్ని, డ్రోన్ షాట్ కోసం గీకించుకుంటున్నాడు మావాడు. ఆ రేకులు జాగ్రత్తగా చూసుకుంటే పది పదిహేనేళ్ళు వస్తాయి, తర్వాత మళ్ళీ వేయించుకోవాలి, ఒకసారి అరిగిన పన్నును ఇక వట్టిగా వదిలేయలేం. అంటే ఇరవై ఎనిమిదేళ్ళవాడు ఈ పెళ్ళికే కాదు, రేపు పుట్టబోయే తన పిల్లల పెళ్ళిళ్ళకు కూడా ఇప్పుడే అడ్వాన్స్ కడుతున్నాడన్నమాట. పింగాణీకి బదులు కాంపోజిట్ అనే పంటి రంగు పూతతో వేస్తే గీకుడు తక్కువే, ఖర్చూ తక్కువే, కాకపోతే చాయ్ మరకలు పడతాయి, అంచులు చిట్లుతాయి, పాలిష్‌లకు తిరగాలి. మూలిగ బొక్క కొరికేటప్పుడు ఏదైనా గుర్తుపెట్టుకోవాల్సిందే.

దీనికి ఆద్యుడు మహానుభావుడు చార్లెస్ పింకస్ అనే హాలీవుడ్ డెంటిస్టు. 1930 ప్రాంతంలో సినిమావాళ్ళకు పలుచని రేకులు చేసి, కట్టుడు పళ్ళు అంటించే పొడితో తాత్కాలికంగా అతికించేవాడు. షూటింగ్ అయ్యాక ఊడదీసి పక్కన పెట్టేవాళ్ళు. ఎంత బుద్ధిమంతులు! 1955లో మైకేల్ బువోనోకోర్ అనే ఆయన, ఎనామిల్ మీద పలుచగా యాసిడ్ రాస్తే రెసిన్ అనే జిగురు పదార్థం గట్టిగా పట్టుకుంటుందని కనిపెట్టాడు. నిజంగా గొప్ప పని, ఇవాళ విరిగిన పన్నును ఒక్క సిట్టింగ్‌లో అతికించి ఇంటికి పంపుతున్నారంటే ఆయన పుణ్యమే. కానీ ఆ జిగురు దొరికాక ఊడదీయడం అనే మాటే పోయింది. నటుడికి షూటింగ్ దాకా ఉండాల్సిన మేకప్పు, మా సుబేదారి కుర్రాడికి జన్మంతా అంటుకుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, లేకపోతే మీరు నన్ను చాదస్తపు ముసలాడినని కొట్టిపారేస్తారు. ఇవన్నీ అనవసరం అని నేను అనను. జనగామ వైపు కొన్ని ఊళ్ళలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు పళ్ళు తయారయ్యే వయసులో ఏళ్ళ తరబడి తాగిన పిల్లలకు పళ్ళ మీద సుద్ద మచ్చలు, ముదిరితే గోధుమ చారలు. ఎంత తోమినా పోవు, అది మురికి కాదు కాబట్టి. అలాంటి ఆడపిల్లలు నవ్వు వస్తే చున్నీ అడ్డం పెట్టుకోవడం నేను చూశాను, పెళ్ళిచూపుల్లో నోరు తెరవకుండా తలే ఊపడం చూశాను. మచ్చ పైపైనే ఉంటే కొద్దిగా అరగదీసి మెరుగుపెడతారు, లేదా బ్లీచింగ్, లేదా లోపలికి రెసిన్ ఇంకించడం, మరీ లోతుగా ఉంటేనే వెనీర్. బైక్ మీద పడి ముందు పన్ను విరిగినవాడికి కాంపోజిట్, సగానికి పైన పోతే రూట్ కెనాల్ చేసి క్యాప్. వీళ్ళకు ఇది సోకు కాదు, నలుగురిలో నోరు తెరిచే ధైర్యం. మరి మీ ఫ్లెక్సీ మీద ఆ పిల్లలు ఏరి? ఒక్కరి ఫొటో వెయ్యరు. వాళ్ళకు మీరు అక్కర్లేదు, పక్క పన్నుతో కలిసిపోయే ఏ2నో ఏ3నో చాలు, అందుకేనా?

ఇప్పుడు మా అక్క సంగతి. కుడివైపు కింది దవడ పళ్ళు రెండూ ఎప్పుడో పీకించుకుంది. అప్పుడు రూట్ కెనాల్ చేస్తే ఉంటాయని చెప్పినా, “లోపల పన్నే గదా తమ్మీ, ఎవరికి కనబడతది, పీకేయుమను” అంది. అప్పటినుంచి ఎడమవైపే నములుతుంది. ఖాళీ పక్కనున్న పళ్ళు ఆ గుంతలోకి వాలుతున్నాయి, పైపన్ను కొరకడానికి జోడీ లేక కిందికి దిగుతోంది. సంక్రాంతికి ఊరంతటికీ సకినాలు చుట్టే మనిషి, తను మాత్రం చాయ్‌లో నానబెట్టుకుని తింటుంది. దీనికి మందు లేక కాదు. పెట్టి తీసే పళ్ళ సెట్టు ఉంది. అటూ ఇటూ పళ్ళను అరగదీసి వేసే బ్రిడ్జి ఉంది. స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టర్ 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టిన టైటానియం స్క్రూ ఉంది, ఎముక దాన్ని తనదే అనుకుని పట్టుకుంటుంది, అందుకు కొన్ని నెలలు ఆగాలి, పైన క్యాప్ వేస్తే హాయిగా బఠానీలు నమలొచ్చు. ఈ స్క్రూ ఖర్చు చెబితే మా బావ “పెళ్ళి అయినంక చూద్దాం” అన్నారు. కొడుకు వెనీర్లకు లక్షకు దగ్గర చెబితే, ఈఎంఐ ఎన్ని నెలలు అని మాత్రమే అడిగారు. ఒకే ఇల్లు, ఒకే క్లినిక్, ఒకే రోజు. నమలని పళ్ళకు లక్ష, నమిలే పన్నుకు వాయిదా. ఈ తీర్పు రాసింది మీరే, కాదనకండి.

గార సంగతి సరేసరి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయని మా వాళ్ళ నమ్మకం. చిగుళ్ళ కింద పేరుకున్న గారే ఎముకను తినేసి పన్నును వదులు చేస్తుంది, అది తీస్తే అప్పటిదాకా దాక్కున్న కదలిక బయటపడుతుంది, అంతే. అది చెబితే వినరు, మిమ్మల్ని చూపిస్తే అప్పు చేసైనా వస్తారు.

కాబట్టి మీకు నా మనవులు. తమరు ఇక మీదట రింగ్ లైటు కింద దర్శనం ఇవ్వకండి, రంగు పోల్చేది పగటి వెలుతురులో, అదీ పళ్ళు తడిగా ఉన్నప్పుడు. నోరు ఆరబెట్టి చూస్తే ఎవరి పన్నైనా కాసేపు తెల్లబడుతుంది, ఆ ఫొటో తీసి ఫ్లెక్సీకి ఎక్కించే తెలివి మీకు ఎవరు నేర్పారో గానీ. బ్లీచింగ్‌కు వచ్చేవాళ్ళకు, పాత క్యాపులు, ఫిల్లింగులు తెల్లబడవని, చల్లనీళ్ళు తాగితే కొన్నాళ్ళు జివ్వుమంటుందని ముందే చెప్పించండి. ఏడాదికోసారైనా ‘తర్వాత’ ఫొటోలో నవ్వేవాళ్ళకు బదులు నమిలేవాళ్ళను వెయ్యండి, మక్క కంకి కొరుకుతున్న ముసలమ్మను వేసినా నాకు అభ్యంతరం లేదు.

మా మేనల్లుడి అపాయింట్‌మెంట్ వచ్చే గురువారం. అరగదీయకముందు పళ్ళ మీద ఉత్తగా అంటించి చూపించే మాకప్ అనేది ఒకటి ఉందని, అది వేసుకుని ఒకరోజు ఇంట్లో తిరగమని డాక్టర్ గారు ఒప్పించారు. వాళ్ళ అమ్మమ్మ చూసి ఏమంటుందో చూడాలి, ఆమె మొహం మీదే అనే రకం. ఆ రోజుకు తమరు డ్రాయర్‌లో కాస్త వెనక్కి జరిగి, బీ1 గారిని ముందుకు తొయ్యగలరా? పక్క కుర్చీలో మా అక్కను కూర్చోబెడుతున్నాను, బావకు ఇంకా చెప్పలేదు. ఆమెకు తమరితో పనిలేదు, దవడ పన్నుకు ఏ3 వేద్దామన్నారు.

ఇట్లు,
ఏ3.5
హనుమకొండ