దేవుని రాజ్యం చనిపోయాకే మొదలవుతుందా?

దేవుని రాజ్యం అనగానే చాలామంది విశ్వాసులకు గుర్తొచ్చేది చనిపోయాక చేరుకునే చోటు. ఆ ఆశను నేను తక్కువ చేయడం లేదు. అయినవాళ్లను మట్టిలో పెట్టి వచ్చినవాళ్లకు అదే ఆసరా. కానీ యేసు బోధ మొత్తాన్ని అంతవరకే కుదించేస్తే సువార్తల్లో చాలా భాగం అర్థం కాకుండా పోతుంది.

మార్కు సువార్తలో యేసు నోట వినిపించే మొదటి మాటే ఇది: కాలం సంపూర్ణమైంది, దేవుని రాజ్యం దగ్గర పడింది. ఆయన ఈ మాట అన్నది గలిలయలో. అక్కడ హేరోదు అంతిప పాలన, పైన రోమా చక్రవర్తి. పన్నులు కట్టలేక నలిగిపోయే జనం మధ్య నిలబడి ఇంకో రాజు ఏలుబడి వస్తోందని చెప్పడం చిన్న సాహసం కాదు. చెప్పి ఊరుకోలేదు కూడా. కుష్ఠురోగులను ముట్టుకున్నాడు, జనం అసహ్యించుకునే సుంకరులతో, అంటే పన్ను వసూలు చేసేవాళ్లతో, కలిసి భోజనం చేశాడు. దేవుని వేలితో నేను దయ్యాలను వెళ్లగొడుతున్నానంటే ఆ రాజ్యం మీ దగ్గరికి వచ్చేసినట్టే అన్నాడు.

ఆయన నేర్పిన ప్రార్థన కూడా అదే చెబుతుంది. ‘నీ రాజ్యము వచ్చుగాక’ అన్న వెంటనే, నీ చిత్తం పరలోకంలో లాగే భూమి మీదా జరగాలని వేడుకుంటాం. ఆ తర్వాత అడిగేది ఏ రోజుకారోజు తిండి, అప్పుల క్షమాపణ. ఇవన్నీ బతికున్నవాళ్ల అవసరాలే.

ఆ ఏలుబడి ఎలా ఉంటుందో తెలియాలంటే మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానాన్ని నిదానంగా చదవాలి. యజమాని తెల్లవారుజామున కొందరిని రోజుకు ఒక దేనారం కూలికి మాట్లాడుకుంటాడు. మళ్లీ తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి వెళ్లి ఇంకొందరిని పిలుస్తాడు. సాయంత్రం ఐదింటికీ కొందరు అక్కడే నిలబడి ఉంటారు. ఊరికే ఎందుకున్నారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పనికి పెట్టుకోలేదంటారు. వాళ్లు సోమరులు కారు, ఎవరికీ అక్కర్లేనివాళ్లు. కూలి ఇచ్చేటప్పుడు వాళ్లకూ ఒక దేనారమే అందింది.

నన్ను ఎప్పుడూ ఆపేది కూలి ఇచ్చిన వరుస. ముందు వచ్చినవాళ్లకు ముందే ఇచ్చి పంపేస్తే మాట ప్రకారం కూలి దక్కిందని తృప్తిగా వెళ్లేవారు. యజమాని చివరివాళ్లతో మొదలుపెట్టించాడు. అంటే పొద్దున్నుంచి ఎండలో కష్టపడ్డవాళ్లు దాన్ని కళ్లారా చూడాలి. వాళ్లకు ఒక్క పైసా తగ్గలేదు, అయినా పక్కవాడికి కూడా అంతే రావడాన్ని తట్టుకోలేకపోయారు. నేను మంచివాడినైతే నీకు కడుపుమంటా అని యజమాని అడుగుతాడు. దేనారం అంటే ఒక రోజు కూలి, పేద కుటుంబానికి ఒక రోజు గడిచే డబ్బు. యజమాని లెక్కలో గంటల కన్నా ఆ ఇంటి ఆకలే పెద్దది. ఇది పరలోక రాజ్యం గురించిన కథ అని మొదటి వాక్యంలోనే ఉంది. అయినా దీన్ని మన పనివాళ్లకు ఇచ్చే జీతాల దాకా రానివ్వం.

మరి ‘నా రాజ్యం ఈ లోకానికి చెందింది కాదు’ అని యేసు రోమా గవర్నర్ పిలాతుతో అన్నాడు కదా అని అడుగుతారు. ఆ వాక్యాన్ని సగంలో ఆపకూడదు. ఈ లోకానికి చెందినదైతే నా సేవకులు పోరాడేవారు అన్నది వెంటనే వచ్చే మాట. యేసు కాదన్నది కత్తిని, భూమిని కాదు. ఈ తేడా మరిచిపోతే ఏమవుతుందో జర్మనీలోని మ్యూన్‌స్టర్ చూసింది. 1534లో కొందరు అనాబాప్టిస్టులు (పెద్దయ్యాకే బాప్తిస్మం తీసుకోవాలనే క్రైస్తవ వర్గం) ఆ నగరాన్ని చేతిలోకి తీసుకుని కొత్త యెరూషలేము అన్నారు. వాళ్ల నాయకుడు తానే రాజునని ప్రకటించుకుని ఎదురు మాట్లాడినవాళ్లను చంపించాడు. మరుసటి ఏడాది నగరం పడిపోయింది. 1536లో ఆ నాయకుల శవాలను ఉంచిన ఇనుప బోనులు సెయింట్ లాంబర్ట్ చర్చి గోపురానికి నేటికీ వేలాడుతున్నాయి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు కూడా అంతే ప్రమాదం. ఆదివారం దేవుడిది, మిగతా రోజులు మరెవరివో అనుకోవడం. హిట్లర్ కాలంలో జర్మనీ చర్చిల్లో చాలామంది అలాగే సర్దుకుపోయారు. 1934లో జర్మనీలోని బార్మెన్‌లో సమావేశమైన చర్చి ప్రతినిధులు మాత్రం, క్రీస్తుకు కాక వేరే ప్రభువులకు చెందే చోటు మన జీవితంలో ఎక్కడా లేదని ప్రకటించారు. నా దృష్టిలో దేవుని రాజ్యం గురించి 20వ శతాబ్దంలో వచ్చిన అతి సూటైన మాట అదే.

ఆ రాజ్యం ఇప్పటికే వచ్చిందా, ఇంకా రావాలా అన్న వాదన పండితుల మధ్య చాలాకాలం నడిచింది. మొదలైంది, పూర్తి కాలేదు అన్నదే ఎక్కువమంది ఒప్పుకునే జవాబు. తేదీ కోసం టెన్షన్ పడేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉన్నారు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు 1844 అక్టోబర్ 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూసి కుప్పకూలిపోయారు. శిష్యులూ ఇదే అడిగారు. పునరుత్థానం తర్వాత నలభై రోజులు దేవుని రాజ్యం గురించే విని కూడా, ఇశ్రాయేలుకు రాజ్యం ఇప్పుడే తిరిగి ఇస్తావా అన్నారు. ఆ కాలాలు తెలుసుకోవడం మీ పని కాదని చెప్పి, యెరూషలేములో, యూదయలో, సమరయలో నాకు సాక్షులుగా ఉండండి అన్నాడు యేసు. సమరయులతో యూదులకు పొత్తు కుదరని రోజులవి.