తప్పంతా ఆ టేపుదే

1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బ్యాండు కచేరీ చేసింది. టికెట్ 50 పెన్స్. వచ్చినవాళ్లు నలభై మంది, అటూ ఇటూ. 2002లో వచ్చిన ఒక సినిమా 42 అని తేల్చేసింది కూడా. ‘ఆ రాత్రి నేనూ ఉన్నాను’ అని గుర్తుచేసుకునేవాళ్లు మాత్రం వేలల్లో ఉన్నారు. ఇందులో ఎవరి అబద్ధమూ లేదు, హాలు చిన్నదైపోయింది అంతే. మన దగ్గర పాత సినిమాల మొదటి రోజు మొదటి ఆట చూసినవాళ్లందరికీ సీట్లు ఎలా సరిపోయాయని ఎవరైనా అడిగారా?

చిక్కల్లా టేపుతోనే. ఆ రాత్రి కచేరీని ఎవరో రికార్డు చేశారు, అది దొంగ కాపీలుగా చేతులు మారింది. ఇన్నేళ్లుగా అభిమానుల జ్ఞాపకాలు ఏపుగా పెరుగుతుంటే, టేపు మాత్రం ఎదుగూ బొదుగూ లేకుండా అక్కడే పడి ఉంది. సాక్షికీ సాక్ష్యానికీ పొత్తు కుదరనప్పుడు సాక్ష్యాన్నే దిద్దుకోవాలి.

ఈలోగా కొత్తగా సాక్షులవ్వాలనుకునేవారు కొంచెం నోరు చూసుకోవాలి. ‘అనార్కీ ఇన్ ది యూకే’ మొదలవగానే ఒళ్లు గగుర్పొడిచిందని చెప్పారో, దొరికిపోయినట్టే. ఆ పాటను మొదటిసారి పాడింది అదే హాల్లో, కానీ జూలై 20న. ముందుగా బజ్‌కాక్స్ బ్యాండు వాయించి ఊపు తెచ్చిందన్నా అదే గతి. జూన్ కచేరీని ఏర్పాటు చేసింది హవర్డ్ డివోటో, పీట్ షెల్లీలే అయినా, వాళ్ల సొంత బ్యాండు బజ్‌కాక్స్ అప్పటికి తయారు కాలేదు. వాళ్లు వేదికెక్కిందీ జూలైలోనే. ఇక సిడ్ విషస్ తనవైపే చూసి నవ్వాడనేవారు మరీ ఘనులు. ఆయన సెక్స్ పిస్టల్స్‌లో చేరింది 1977లో. జూన్ 4న బేస్ గిటారు పట్టుకున్నది గ్లెన్ మాట్‌లాక్. జనంలో నిక్కబొడిచిన రంగుల జుట్టు కనిపించిందనీ అనకండి, అప్పటికి ఆ ఊరి ఫ్యాషన్ బెల్‌బాటమ్‌లూ పొడుగు జుట్టూనే.

చప్పట్లు పలచగా ఉన్నాయేమని ఎవరైనా నిలదీస్తే భయపడక్కర్లేదు. ఆ కాలపు చేతి కేసెట్ రికార్డర్లలో రికార్డింగ్ లెవెల్‌ను దానంతటదే సర్దుకునే సర్క్యూట్ ఉండేది. గిటారు మోగగానే అది మొత్తం శబ్దాన్ని అణిచేస్తుంది, పాట ఆగాక మళ్లీ లేవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆ సందులో మొదటి చప్పట్లు మునిగిపోతాయి. మీవి ఆ చప్పట్లే. రికార్డర్ కోటు లోపల దాచారంటే ఇంకా మంచిది, మందపాటి గుడ్డ హెచ్చు స్వరాలను మింగేస్తుంది. మీ ఈల వినపడకపోవడానికి అంతకంటే కారణం కావాలా? బ్యాటరీ నీరసిస్తే టేపు నెమ్మదిగా తిరుగుతుంది, తర్వాత మామూలు వేగంతో వింటే అంతా పరుగెడుతుంది. ఆరు శాతం తేడా వస్తే చాలు, శ్రుతి అరమెట్టు పైకి పోతుంది. మీ అరుపు మీ గొంతులా లేకపోవడం సహజం.

వాదనలతో ఎంతకాలమని నెట్టుకొస్తాం? టేపును బాగుచేయించడమే శాశ్వత పరిష్కారం. నలభై మంది చప్పట్లు మూడు వేల మందివిగా వినిపించాలంటే దాదాపు 19 డెసిబెల్స్ పెంచాలి. ఉన్నవాటినే పెంచితే పని చెడుతుంది. కాపీ మీద కాపీ తీసి పేరుకున్న హిస్, అంటే టేపు బుస కూడా అంతే లేస్తుంది, అప్పుడు మాంచెస్టర్‌లో ఆ రాత్రి కుండపోత వాన అనుకుంటారు. కనుక చప్పట్లు బయటి నుంచి తేవాలి.

అమెరికా పంక్ బ్యాండు రామోన్స్ 1977 డిసెంబర్ 31న లండన్ రెయిన్‌బో థియేటర్‌లో రికార్డు చేసిన ఆల్బం ఇందుకు పనికొస్తుందనిపిస్తుంది. పెద్ద హాలు, నిండా జనం. కానీ 54 నిమిషాల లోపే 28 పాటలు కుక్కారు. ఒక పాట ముగిసీ ముగియకముందే ‘వన్ టూ త్రీ ఫోర్’ అంటూ తర్వాతది అందుకుంటారు. కత్తిరించుకోవడానికి శుభ్రమైన చప్పట్లు నాలుగు సెకన్లు దొరకడమే గగనం. చివర మిగిలినవాటిని తీసుకుని అతుకు కనపడకుండా మళ్లీ మళ్లీ వాడుకోవాలి. పెద్ద హాలు మార్మోగుడు చిన్న హాలు గోడలకు అతకదు, దాన్ని కొంత నొక్కేయాలి.

ఇందులో ఒక్క ప్రమాదం ఉంది. రెయిన్‌బోలో ఆ రాత్రి జనం పది వరసల కుర్చీలు పీకి వేదిక మీదికి విసిరారు. ఆ చప్పట్లు తెచ్చి కలిపాక, మాంచెస్టర్ సాక్షులకు తామూ కుర్చీలు విసిరిన సంగతి తప్పకుండా గుర్తొస్తుంది. ఆ మాంచెస్టర్ హాలు భవనంలో ఇప్పుడు నడుస్తున్నది హోటల్, విరిగిన సామానుకు బిల్లు వేయడం వాళ్లకు కొత్త కాదు.